నాలుగో కంచం

జూన్ 3

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటని కంగారు పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ తీసేయించాను, అంతే. దానికి నెలనెలా కట్టేదాంతో నీకు వారానికో ఉత్తరం రాసినా ఇంకా మిగులుతుందని తేలింది. ఎలాగూ ఫోన్లో మాట్లాడేదంతా నువ్వు, బిల్లు కట్టేది నేను.

ప్రెస్సులో పని వారానికి మూడు రోజులకి దిగింది. పుస్తకాలు వేయించేవాళ్ళు లేరు, కరపత్రాలు వేయించేవాళ్ళూ లేరు. నా కటింగ్ మిషను మీద దుమ్ము తుడిచి ఇంటికొచ్చేస్తున్నాను. ఈ కాగితం ఒకసారి తిప్పి చూడు. ఫిబ్రవరికి ముప్పై రోజులు పడ్డాయి. అలా రెండు వేల క్యాలెండర్లు అచ్చయ్యాక చూసుకుని, ఓనరు నెత్తి బాదుకుని తుక్కులో వేయమన్నాడు. నేనో కట్ట ఇంటికి మోసుకొచ్చాను. పదేళ్ళకి సరిపడా ఉత్తరాల కాగితం! ఆ ముప్పయ్యో తారీకుకి కూడా జీతం ఇప్పించండి సార్ అంటే ఓనరు నవ్వలేదు.

ఇంట్లో నా పరిపాలన చూస్తే నువ్వు మెచ్చుకుంటావు. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ పాత సాక్సులో వేసి మూతి కట్టాను, రెండు వారాలు ఎక్కువొచ్చాయి. టూత్‌పేస్టు ట్యూబు కత్తెరతో చీలిస్తే లోపల ఇంకా ఐదు రోజుల సరుకుంది. టీకి నీళ్ళు పొద్దున ఒక్కసారే కాచి ఫ్లాస్కులో పోస్తున్నాం. మంగలి షాపు మానేసి అందరి జుట్టూ నేనే కత్తిరిస్తున్నాను. నీ మేనకోడలు స్కూల్లో రెండు రోజులు టోపీ తీయలేదు, అది వేరే సంగతి.

అమ్మ చెవి మిషను మాత్రం బ్యాటరీలు మింగేస్తోంది. శనగ గింజంత ఉంటుంది, వారం తిరిగేసరికి అయిపోతుంది. అందుకని అవసరమైతేనే పెట్టుకోమన్నాను. ఎవరూ మాట్లాడనప్పుడు వినడం దేనికి? అమ్మ సరేనంది. బ్యాటరీ తీసి అగ్గిపెట్టెలో దాచుకుంటోంది.

మొత్తానికి బండి నడుస్తోంది. జవాబు రాయి, కాగితానికి రెండు వైపులా రాయి.

నీ తమ్ముడు

జూన్ 14

ఒరేయ్ పొదుపు మహారాజా,

నీ ముప్పయ్యో తారీకుని లాండ్రీకి తీసుకెళ్ళి చూపించాను. ఇస్త్రీ బల్లల దగ్గర అందరం పడీ పడీ నవ్వాం. ఆస్పత్రి దుప్పట్లు షిఫ్టుకి ఆరువందలు ఇస్త్రీ చేసేవాళ్ళకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి కదా. సబ్బు ముక్కల సాక్సు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇంటి పరువు. నీతో కాపురం చేస్తున్నందుకు నా మరదలికి దండం పెట్టాలి.

అన్నీ చదివి నవ్వుకున్నాను గానీ ఒక్క చోట ఒళ్ళు మండింది. అమ్మ చెవులకి రేషన్ పెట్టడమేంట్రా? మాట్లాడనప్పుడు వినడం దేనికని అడిగావు. వీధిలో పిల్లలు అరిస్తే వినడానికి, కుళాయి కారుతుంటే వినడానికి, తలుపు కొడితే తీయడానికి! చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నా బిస్కెట్లు తినేసి నీవి దాచుకునేవాడివి. నీ పొదుపు ఎప్పుడూ ఎదుటివాళ్ళ వాటాతోనే మొదలవుతుంది.

సరే, తిట్టడం అయింది. నా గురించి బెంగ పెట్టుకోకు. నా రెండు గదుల్లో నేను మహారాణిలా ఉన్నాను. పెద్ద కిటికీ, మంచి గాలి. పని ఎక్కువ, అలవాటైపోయింది.

అమ్మకి వేరే కాగితం రాసి, మడిచి, చుట్టూ పిన్నులు కొట్టాను. అది అమ్మది. చదవకు, తడిమి కూడా చూడకు. ఇక నుంచి నీకు రాసినా రాయకపోయినా అమ్మకి వారానికొకటి వస్తుంది.

పాపకి ముద్దులు. ఆ కత్తెర ఎక్కడైనా దాచేయమని చెప్పు.

అక్క

జూలై 9

అక్కా,

ప్రెస్సు మూసేశారు. శుక్రవారం మధ్యాహ్నం ఓనరు అందరినీ పిలిచి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు చేశానక్కా అక్కడ. నా కటింగ్ మిషను బరువు మీద తుక్కువాడికి అమ్ముతున్నాడట. బ్లేడు తీసి తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టొచ్చాను. ఎందుకలా చేశానో నాకే తెలీదు.

రోజూ పొద్దున్నే మామూలు టైముకే చొక్కా వేసుకుని బయటికెళ్తున్నాను. రెండు గోడౌన్లు, ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ తిరిగాను. "కబురు పెడతాం" అంటారు. నీ మరదలు పక్కింటి వాళ్ళ బట్టలకి కుట్లు వేస్తోంది, దాంతోనే ఇల్లు నడుస్తోంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నీకు కాక ఎవరికి రాస్తాను.

వారంవారం వచ్చే నీ కాగితాలు పిన్ను కూడా ముట్టుకోకుండా అమ్మకిస్తున్నాను. బ్యాటరీ గురించి నువ్వు ఊరికే ఆవేశపడ్డావు. అమ్మకేమీ బాధ లేదు. ఒక రకంగా మాకూ హాయిగా ఉంది. ఒక్క గది ఇంట్లో ఇదివరకు డబ్బు మాటొస్తే నేనూ నీ మరదలూ మెట్ల మీదకి వెళ్ళి గుసగుసలాడుకునేవాళ్ళం. ఇప్పుడు అమ్మ పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడేసుకుంటున్నాం. అమ్మ కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటుంది, దేనికీ తల తిప్పదు.

అన్నట్టు అమ్మ రాత్రి తిండి మానేసింది. అరగట్లేదట. ఈ వయసులో మంచిదే అంటారు. నిజం చెప్పాలంటే కొంచెం కలిసొస్తోంది కూడా.

ఎక్కడైనా పనుందని తెలిస్తే రాయి.

తమ్ముడు

జూలై 20

తమ్ముడూ,

ప్రెస్సు సంగతి చదివి మనసంతా పాడైపోయింది. నిన్ను ఓదారుస్తూ రాద్దామని కాగితం తీసుకున్నాను. అదే రోజు అమ్మ దగ్గర నుంచి వేరేగా ఉత్తరం వచ్చింది. పాప చేత పోస్టులో వేయించిందట.

నా దగ్గరికి వచ్చి ఉంటానంటోంది. అమ్మ రాసింది రాసినట్టు దింపుతున్నాను: "ఇక్కడ నాలుగో కంచం ఎక్కువైంది. అది లేకపోతే వాళ్ళు గట్టెక్కుతారు. నేను ఎక్కువ తినను, ఓ మూల పడుంటాను, నీ పనికి అడ్డం రాను."

మన అమ్మ ఓ మూల పడుంటానని రాసిందిరా! నాకు సూటిగా చెప్పే ధైర్యం లేక ముసలావిడ చేత రాయించావా? "అక్కా, అమ్మని కొన్నాళ్ళు నీ దగ్గర పెట్టుకో" అని నాతో అనడానికి నీకు నోరు రాలేదు గానీ, కంచం ఎక్కువైందని అమ్మ మొహం మీద అనడానికి మాత్రం వచ్చిందా? అరగక కాదు తిండి మానేసింది, నీకు మిగల్చడానికి మానేసింది. కలిసొస్తోందని రాయడానికి చేతులెలా వచ్చాయి?

అమ్మని ఇక్కడికి పంపకు. ఇప్పుడు కుదరదు. ఇంటాయన గదులకి సున్నం వేయిస్తున్నాడు, సామానంతా బయటే ఉంది. తర్వాత చూద్దాం.

అక్క

జూలై 29

అక్కకి,

నేనేమీ రాయించలేదు. నువ్వు రాసిన మాట నేననలేదు. అమ్మ మొహం మీద నేనేనాడూ పల్లెత్తు మాట అనలేదు, కావాలంటే అమ్మనే అడుగు.

నాకు సుద్దులు చెప్పేముందు నీ సంగతి చూసుకో. రెండు గదులు, పెద్ద కిటికీ, మంచి గాలి, అందులో ఒక్కదానివి! అలాంటి నీకు కన్నతల్లిని మూడు నెలలు ఉంచుకోవడానికి సున్నం అడ్డమొచ్చిందా? పదకొండేళ్ళ నుంచి అమ్మని చూస్తున్నది నేను, పని లేకపోయినా చూస్తున్నది నేను. నువ్వు ఉత్తరాలకి పిన్నులు కొట్టుకుంటూ కూర్చో.

ఇంతకు మించి రాస్తే నోరు జారతాను.

తమ్ముడు

ఆగస్టు 6

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంతో ఊగిపోయాను. మూడో రోజు కోపం దిగి, సిగ్గు మిగిలింది. నువ్వన్న దాంట్లో నీకు తెలియని సంగతి ఒకటుంది, అది చెప్పకపోవడం నా తప్పే.

నాకు రెండు గదులు లేవురా. ఒక గది కూడా లేదు. నాకున్నది సగం మంచం. బటన్ల ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ చేసే ఒకావిడ ఉంది. మేమిద్దరం కలిసి ఒకే మంచం అద్దెకి తీసుకున్నాం. రాత్రి ఆవిడ పడుకుంటుంది, పగలు నేను పడుకుంటాను. పొద్దున్నే నేను లాండ్రీ నుంచి వచ్చేసరికి ఆవిడ దుప్పటి ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆదివారం ఇద్దరికీ సెలవు. ఆ రోజు ఒకరు మంచం మీద కూర్చుంటే ఇంకొకరు బజారంతా తిరిగొస్తాం. ఏడాదిన్నరగా ఇదే నా మహారాణి వైభోగం. జీతాలు సగానికి కోసినప్పుడు గదులు ఖాళీ చేశాను. అమ్మకి తెలిస్తే ఏడుస్తుందని అబద్ధం మొదలుపెట్టాను, తర్వాత నీ ముందు తల వంచడం ఇష్టం లేక కొనసాగించాను. పెద్దదాన్ని కదా, నీకు బుద్ధులు చెప్పాలంటే నాకు గదులుండాలి.

కిటికీ ఒకటే నిజం. కానీ అది పక్కింటి గోడకి తెరుచుకుంటుంది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. పిన్నులు కొట్టిన కాగితాల్లో అమ్మకి బ్యాటరీలు పంపుతున్నాను, ఒక్కోసారి రెండేసి. నీకు చెప్పొద్దన్నాను. చెబితే అవి కూడా అగ్గిపెట్టెలోకి పోతాయని భయపడ్డాను. "పెట్టుకో, వాడికి తెలియనివ్వకు, వినబడనట్టే ఉండు" అని రాశాను. జూన్ నెల నుంచీ అమ్మకి అన్నీ వినబడుతున్నాయి.

ఇప్పుడు నన్ను తిట్టు, పడతాను. కానీ ఆ మాట నువ్వు అమ్మ మొహం మీద అనలేదంటే నమ్ముతున్నాను. అమ్మ పక్కన కూర్చుని అన్నావా?

అక్క

ఆగస్టు 19

అక్కా,

అన్నాను.

నీ జూలై ఉత్తరంలో "నాలుగో కంచం" అని చదవగానే అది నా మాటేనని గుర్తుపట్టాను. అయినా నేననలేదని నీకు రాశాను. పైగా నీ మీద ఎగిరాను. తప్పు చేసినవాడు అంత గట్టిగా అరుస్తాడని నాకు నన్ను చూశాకే తెలిసింది.

ఆ రోజేం జరిగిందో చెప్తాను. అట్టపెట్టెల ఫ్యాక్టరీ నుంచి ఉత్త చేతులతో వచ్చాను. నీ మరదలు కంచాలు పెడుతోంది. అమ్మ ఎప్పట్లాగే కిటికీ దగ్గర, నాకు రెండడుగుల దూరంలో ఉంది. "ఈ నాలుగో కంచం లేకపోతే ఈ నెల గట్టెక్కేవాళ్ళం" అన్నాను. తను గాభరాపడి "మెల్లగా" అంది. నేను ఇంకా గట్టిగా "ఆవిడకి వినబడదుగా" అన్నాను. నీ మరదలి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. నీ ఉత్తరం చూశాక తనే అమ్మకి చెప్పి ఉంటుందని అనుమానపడి, తనని ఏడిపించాను కూడా. ఆ సిగ్గు ఇంకొకటి.

నీకు ఆ పొగరు ఉత్తరం రాసి పోస్టు చేసిన మర్నాడు అమ్మకి జుట్టు కత్తిరిస్తానన్నాను. మధ్యాహ్నం కిటికీ దగ్గర స్టూలు వేసి, మెడ చుట్టూ తువ్వాలు కట్టాను. చెవి వెనక కత్తిరిద్దామని అరచెయ్యి అడ్డం పెట్టానో లేదో, మిషను కుయ్యిమంది. బ్యాటరీ లేనిది అది అరవదక్కా. అమ్మ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది, దాంతో ఇంకా పెద్దగా అరిచింది. ఈ రెండు నెలల్లో అమ్మ పక్కన ఏమేం వాగానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. తన చెప్పుల ఖర్చు, మందుల ఖర్చు, "ఇంకా ఎన్నాళ్ళో" అన్న మాట. అమ్మ కదల్లేదు. నేనూ ఏమీ విననట్టే కత్తిరించుకుంటూ పోయాను. ఒక పక్క మరీ పొట్టిగా అయిపోయింది.

ఆ తర్వాత ఇద్దరం నాటకమాడాం. అమ్మకి వినబడుతుందని నాకు తెలుసు, నాకు తెలుసని అమ్మకీ తెలుసు. అయినా నేను చేతులతో సైగలు చేస్తున్నాను, తను తల ఊపుతోంది. పది రోజులు ఇలా గడిపాం. ఇంట్లో ఉండలేక మిషన్లు అమ్మే షాపుకి వెళ్ళాను. బ్యాటరీ తీసి పెడితే ఎంత మిగులుతుందని అడిగాను. అదైనా తెలిస్తే కొంచెం ఊరటగా ఉంటుందనుకున్నాను. షాపాయన నవ్వాడు. వెనక అంటించిన కాగితం ఒక్కసారి పీకితే గాలి తగిలి దానంతటదే అయిపోతూ ఉంటుందట. తీసి దాచినంత మాత్రాన మిగిలేది పెద్దగా ఏమీ ఉండదట. ఏదో కొద్ది రోజులు. ఆ కొద్ది రోజుల కోసం మన అమ్మని గోడలా కూర్చోబెట్టాను. ప్రెస్సు పోయినప్పుడు కూడా ఏడవనివాణ్ణి, ఆ షాపు బయట రోడ్డు మీద ఏడ్చాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. సగం మంచం దగ్గర చదవడం ఆపేశాను, మళ్ళీ తీయడానికి గంట పట్టింది. నిన్నెందుకు తిడతానే. నువ్వు బ్యాటరీలు పంపకపోతే ఇప్పటికీ అలాగే వాగుతూ ఉండేవాణ్ణి.

శనివారం పొద్దున పాప స్కూలుకి వెళ్ళాక అమ్మ ఎదురుగా కింద కూర్చున్నాను. "అమ్మా, నీకు వినబడుతుందని నాకు తెలుసు. నేనన్న మాటలకి ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియట్లేదు" అన్నాను. గట్టిగా కాదు, మామూలుగా. వినబడనట్టు ఊరుకుంటుందేమో అనుకున్నాను. ఊరుకున్నా బాగుండేది.

"అందులో అబద్ధమేముందిరా, నేను తింటున్నాను కదా" అంది.

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. వీధి వైపే చూస్తూ చెప్పింది. మన చిన్నప్పుడు నాన్నకి పని పోయిన ఏడాది నాయనమ్మ మన ఇంట్లోంచి చిన్నాన్న వాళ్ళింటికి వెళ్ళింది గుర్తుందా? చిన్నాన్న మీద బెంగతో వెళ్ళిందని మనకి చెప్పారు. కాదట. "నేనూ మీ నాన్నా వంటింట్లో తలుపు వేసుకుని ఇవే మాటలనుకున్నాం. ఆ తలుపు పలచనని నాకు తెలుసు. ఆవిడ చెవులు బాగా పనిచేస్తాయనీ తెలుసు. మూడు రోజుల్లో సంచి సర్దుకుంది. మీ నాన్న బండి పిలిచాడు. వెళ్ళొద్దని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "మీ అక్క రమ్మంటుందని రాయలేదు. తను నీకు రాస్తుందని తెలిసి రాశాను. నేను వెళ్ళిపోతానని తెలిస్తే నువ్వేమంటావో చూద్దామనుకున్నాను. ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. నువ్వు నాతో ఒక్క మాట కూడా అనలేదు."

నిజమే అక్కా. నీతో పోట్లాడాను, నీ మరదలితో పోట్లాడాను, షాపుకి కూడా వెళ్ళొచ్చాను. అమ్మా, వెళ్ళొద్దు అని మాత్రం అనలేదు. ఆ రెండు గదుల సంగతి అబద్ధం కాకపోయి ఉంటే, నువ్వు పంపమని ఉంటే, నేనేం చేసేవాణ్ణో తెలుసా? రిక్షా పిలిచేవాణ్ణి. కొన్నాళ్ళే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

"వెళ్ళొద్దమ్మా" అన్నాను అప్పుడు. అమ్మ మంచం కిందకి చూపించింది. సంచి సర్దే ఉంది. రెండు చీరలు, దుప్పటి, నీ ఉత్తరాల కట్ట. విప్పనా అంటే వద్దంది. "ఇవాళ అన్నావు, రేపేమంటావో చూడనీ" అంది.

ఇంటి కబుర్లు రెండు రాసి ఆపుతాను. గోడౌన్లో మూటలు మోసే పని దొరికింది, రోజు కూలి, దొరికిన రోజే కూలి. అమ్మ రాత్రి కూడా తింటోంది. మేం తినకుండా కూర్చుంటే విసుక్కుని కంచం తెచ్చుకుంది. డబ్బు మాటలు ఇప్పుడు అమ్మ ముందే, అమ్మతోనే మాట్లాడుతున్నాం. కుట్టుపనికి అమ్మ చెప్పిన ధర మేమడిగే దానికంటే ఎక్కువ, అయినా ఇచ్చారు. నువ్వు మాత్రం ఆ మంచం గురించి అమ్మకి నువ్వే రాయాలి. నేను చెప్పలేదు, చెప్పను. పిన్నులు కొట్టి పంపు, ముట్టుకోను.

సంచి ఇంకా మంచం కిందే ఉంది. పనికి వెళ్ళేముందు రోజూ అమ్మ దగ్గరికెళ్ళి వెళ్ళొద్దమ్మా అంటున్నాను. ఇవాళ నాలుగో రోజు. పొద్దున, ఇక విప్పుతావా అని అడిగాను.

"అడుగుతూ ఉండు" అంది.

నీ తమ్ముడు